లావు సూదులు, సన్న ఊలు

నా కొలతల పుస్తకంలో నూట పద్దెనిమిదో పేజీ
సౌదామినీ అపాది.
ఇరవై రెండేళ్లుగా అదే పేజీ.
కొట్టేసిన అంకెలు, పక్కన కొత్తవి,
పెన్సిలు మీద పెన్ను, పెన్ను మీద పసుపు మరక.
సిమిలిగుడ బజారులో నా మిషను చప్పుడు పక్కన
ఆడపిల్లల భూగోళం పేపర్లు దిద్దుకుంటూ
జాకెట్టు కోసం ఎన్ని సాయంత్రాలు కూర్చుందో.
"బిగుతుగా కుట్టు గున్నమ్మా,
వదులైతే ముసల్దాన్నంటారు" అనేది ఒడియాలో.
నేను తెలుగులో సరేననేదాన్ని.

శ్రావణంలో విశాఖపట్నం వెళ్లింది.
కార్తీకంలో వచ్చింది,
పమిట ఎడమ పక్కకి రెండు మడతలు ఎక్కువ వేసుకుని.
ఎవరూ నాకేమీ చెప్పలేదు.
కుట్టేదానికి చెప్పాలేటి?
గుడ్డ పడే తీరు చూస్తే తెలీదా?

మార్గశిరం. పొట్టంగి కొండల మీంచి మంచు
బస్టాండు దాకా దిగొచ్చి
టీ గ్లాసుల చుట్టూ చేతులు కాచుకునే రోజులు.
ఆవిడ పాత స్వెట్టరు తల మీంచి తొడుక్కునేది.
ఇప్పుడా చెయ్యి భుజం దాటి లేవదు.
శాలువా కప్పుకుంటే
నల్లబల్ల మీద కొలాబు నది గీసేలోపే జారిపోతోందట.

చంద్రగిరి నుంచి ఊలు తెచ్చే దోల్కర్ దగ్గర
చోడిపిండి రంగు ఉండలు ఏడు కొన్నాను.
నా సంచిలో సూదులు చూసి నవ్వింది ఆమె,
ఇంత సన్న ఊలుకి ఇంత లావువా అని.
అదేనమ్మా కిటుకు.
కుట్టుకీ కుట్టుకీ నడుమ గాలి ఉండాలి.
బట్ట ఒంటిని పట్టుకోకూడదు,
ఒంటి మీంచి నడిచి వెళ్లిపోవాలి.

మొదటి రాత్రి అల్లింది పొద్దున చూస్తే చాప.
మిషను చేతులు కదా,
దారాన్ని లాగి బిగించడమే వాటికొచ్చిన భక్తి.
అంతా పీకేశాను. ఒళ్లో సేమ్యా కుప్ప.
రెండో రాత్రి
నిద్రపోయిన బిడ్డ గుప్పిట్లోంచి వేలు తీసుకున్నట్టు
ఒక్కో కుట్టూ సూది మీంచి దించాను.

లెక్క ఒకటి, రెండు, మూడని మొదలై
నలభై దాటేసరికి ఎకచాళిశ, బయాళిశ అయిపోతుంది.
మా అమ్మా అంతే,
వంకాయలు తెలుగులో బేరమాడి
చిల్లర ఒడియాలో లెక్కపెట్టేది.

వీపులో ఒక కుట్టు జారింది,
తొమ్మిది వరసల కిందికి నిచ్చెన.
క్రోషే ముల్లుతో మెట్టు మెట్టుగా ఎక్కించుకొచ్చాను,
అప్పటిదాకా పొయ్యి మీద పాలు ఏమయ్యాయో అడక్కండి.

బొత్తాల్లేవు, కాజాల్లేవు.
ముందు రెక్కలు రెండూ మెడ దగ్గర మళ్లి
వాటంతటవే కిందికి పడతాయి,
ఎటు నిండో ఎటు వెలితో తేలనంత మెత్తగా.

ఎడమ చంకకి ఆరు కుట్లు ఎక్కువ వదిలాను.
పడుకుంటే నిద్ర పట్టలేదు.
లేచి లైటేసి
కుడి చంక విప్పి, అక్కడా ఆరు వదిలాను.

ఇచ్చిన రోజు ఆవిడేమీ అనలేదు.
డాక్టరు నేర్పినట్టు ముందు ఎడమ చెయ్యి దూర్చింది,
తర్వాత కుడిది.
కుడి చంకలో రెండు వేళ్లు పెట్టి కాసేపు ఆగింది.
"ఇటు కూడా ఎందుకే?"
నేను మిషనుకి నూనె వేస్తున్నాను.
"లెక్క తప్పింది అపా."
"నీకా?" అంది.

చేతులు పొడుగయ్యాయి. పైకి మడుచుకుంది.
ఆ మడతలో సుద్దముక్కలు దాస్తోందని
వాళ్ల ఆరో తరగతి పిల్ల చెప్పింది.

పుష్యంలో ఓ పొద్దున
ముదురాకుపచ్చ జాకెట్టు గుడ్డ బల్ల మీద పడేసి
కార్డిగన్ విప్పి కుర్చీకి తగిలించి
లోపలి గదిలో పమిట దించి నిలబడింది.
"టేపు తియ్యి."
నూట పద్దెనిమిదో పేజీ తిప్పాను.
పాత అంకెలు కొట్టెయ్యబోతే
"ఉండనీ. పక్కన రాయి," అంది,
"బిగుతుగానే కుట్టు."

టేపు చలికి ఇనుములా ఉంది.
ముందు దాన్ని అరచేతుల్లో పెట్టుకుని కాచాను.